తిరుగు టికెట్

(బిలాస్‌పూర్ రైల్వే కాలనీ తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసం)



ఎవరి పేరిట మనం ఏటా ఇక్కడ కూడుతున్నామో, ఆయన రైల్వే ఆస్పత్రిలో డ్రెస్సర్. పుండు కడిగి కట్టు కట్టడం ఆయన పని. అందుకే ఈ ఏడు చాంపా కుష్ఠు ఆస్పత్రి గురించి చెప్పాలనిపించింది.

1887లో ఏర్పడ్డ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మన తాతలను ఇక్కడికి తెచ్చింది. వాళ్లు కూలికొచ్చారు. అదే కాలంలో 1898 కుష్ఠురోగుల చట్టం వచ్చింది. దాని కింద ప్రభుత్వం ప్రకటించిన చోట రోగి తినుబండారాలు అమ్మకూడదు, బాడుగ బండి ఎక్కకూడదు. రైలు పెట్టెకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఊరు వెళ్లగొట్టిన మనిషికి ఆ చట్టం మిగిల్చింది రైలొక్కటే. ఈ చట్టం రద్దయింది 2016లో!

రైలెక్కి ఎక్కడ దిగాలి? మనకు తూర్పున, హౌరా లైన్లో ఉన్న చాంపాలో మెనొనైట్ క్రైస్తవ మిషనరీ పి.ఎ. పెన్నర్ 1902లో కుష్ఠురోగుల ఆశ్రమం మొదలుపెట్టారు. నేటి ఆస్పత్రికి అదే మొదలు. వెల్లెస్లీ బెయిలీ దంపతులు 1874లో ఆరంభించిన సంస్థ దానికి అండగా నిలిచింది. నేటి లెప్రసీ మిషన్ అదే. మన తాతల వైపున్న సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠు ఆస్పత్రి కూడా ఆ మిషన్‌దే.

మందు లేని రోజుల్లో ఆశ్రమమంటే కూడు, గుడ్డ, నీడ. పెద్దరోగమని ఇల్లు వదిలి వచ్చినవాళ్లలో చాలామంది అక్కడే ముసలివాళ్లయ్యేవారు. 1940లలో డాప్సోన్ అనే మందు వచ్చింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్సను సిఫారసు చేసింది. ఇప్పుడు ఆరు నెలలో, ఏడాదో మాత్రలు మింగితే రోగం నయమవుతుంది.

అయితే మందు క్రిమిని చంపుతుందే గాని చచ్చిన నరానికి ప్రాణం పోయదు. స్పర్శ పోయిన అరికాలిలో మేకు దిగినా తెలియదు. మరిగే టీ గ్లాసు పట్టుకుంటే వేళ్లు కాలుతున్న సంగతి కంటితో చూసి తెలుసుకోవాలి. అందుకే రోజూ పాదాలు నీళ్లలో నానబెట్టుకుని, గట్టిపడ్డ తోలును గరుకు రాయితో రుద్దుకుని, తడి ఆరకముందే నూనె రాసుకోమంటారు. అడుగున మెత్తటి రబ్బరు వేసిన చెప్పులు కుట్టి ఇస్తారు. ఈ పనుల్లో మహత్తేమీ కనబడదు. కాని కాలు నిలిచేది వీటివల్లే.

ఈ కథకు ఇంకో పక్క ఉంది. సదాశివ్ కాత్రే రైల్వే ఉద్యోగి. తనకే కుష్ఠు సోకి బైతల్‌పూర్‌లోని క్రైస్తవ మిషన్ ఆస్పత్రిలో చికిత్స పొందారు. మతమార్పిడి విషయంలో అక్కడివారితో ఆయనకు పొసగలేదని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. 1962లో చాంపా దగ్గరే భారతీయ కుష్ఠ నివారక సంఘం పెట్టారు. మిషన్ చేసిన సేవను ఈ మాట చెరిపెయ్యదు. అలాగని దాచిపెట్టవలసిన మాటా కాదు. అన్నం పెట్టిన చెయ్యి బదులుగా ఏమైనా అడుగుతోందేమోనన్న అనుమానం చాలు, తినేవాడికి ముద్ద దిగదు. కాత్రే కోపంతో ఊరుకోకుండా మరో ఆశ్రమం కట్టారు. దాంతో ఒకే ఊరికి రెండు దిక్కులయ్యాయి.

ఆశ్రమంలో ఎన్ని మంచాలున్నాయన్నది నా లెక్క కాదు. ఎంతమంది లేచి ఇంటికెళ్లారన్నది నా లెక్క. వెళ్లినవాడికి కంచం వేరు పెట్టకుండా ఉండవలసింది మాత్రం మనం. ఆ పని ఏ మిషనూ మన తరఫున చెయ్యలేదు.

మన డ్రెస్సర్‌గారు కట్టు ముడి వేశాక ప్రతివాణ్ణీ ఒకటే అడిగేవారు: "డ్యూటీ ఎప్పుడెక్కుతావురా?"