యంత్రమునకు నీతి గరపుట యెట్లు?

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



మన పిల్లలలో పలువురు నేడు తమ సందేహములను పుస్తకము నడుగుటకు ముందే చేతిలోని ఫోను నడుగుచున్నారు. కృత్రిమ మేధ యను యంత్రము వారికి బదులు చెప్పుచున్నది. లెక్కలకు మాత్రమే గాదు. స్నేహితునితో తగవు వచ్చిన నేమి చేయవలెను, ఆపదలో అబద్ధమాడవచ్చునా యను ప్రశ్నలకును చెప్పుచున్నది. కావున ఆ యంత్రమునకు నీతి యెవరు నేర్పిరి, ఎట్లు నేర్పిరి యని విచారించుట మన విధి.

మొదట తోచు మార్గము సూత్రములు వ్రాసి యిచ్చుట. 1942లో ఐజాక్ అసిమోవ్ అను అమెరికా రచయిత తన కథలో మరమనిషికి మూడు సూత్రములు విధించెను: మనుష్యునకు హాని చేయరాదు, ఆజ్ఞ పాలింపవలెను, తన్ను తాను కాపాడుకొనవలెను. కాని ఆ కథలోనే కడపటి రెండు సూత్రములును సరిసమానముగ నెదురుపడగా, మరమనిషి ఎటును పోలేక ఒకేచోట చుట్టు తిరుగుచుండెను. అదియునుగాక, హాని యనగా నేమో సూత్రము చెప్పదు. రోగికి చేదు నిజము చెప్పుట హానియా, దాచుట హానియా?

రెండవ మార్గము మనుష్యుల వ్రాతలను, చేతలను జూచి నేర్చుకొననిచ్చుట. నేటి యంత్రములు ముఖ్యముగ నిట్లే నేర్చుచున్నవి. 2016 మార్చిలో మైక్రోసాఫ్టు సంస్థ టే యను సంభాషణ యంత్రమును ట్విట్టరులో ప్రవేశపెట్టగా, కొందరు దానికి దూషణలను, జాతిద్వేషమును నూరిపోసిరి. ఒక దినము గడువకముందే దానిని ఉపసంహరింపవలసి వచ్చెను. అమెజాన్ సంస్థ ఉద్యోగార్థులను ఎంచుటకు చేయించిన యంత్రమునకు పది సంవత్సరముల దరఖాస్తులు చూపిరి. అవి చాలవరకు పురుషులవి. స్త్రీల సంఘముల ప్రస్తావన గల దరఖాస్తులకు అది విలువ తగ్గించెనని 2018లో వెల్లడియయ్యెను. స్త్రీలను తక్కువ చేయుమని దాని కెవ్వరును చెప్పలేదు. జరిగినదానిని జూచి నేర్చుకొన్నది. మన బిడ్డలును అంతే గదా!

ఇప్పుడు యంత్రము చెప్పు బదుళ్లలో ఏది మేలో మనుష్యులచే నిర్ణయింపజేసి దానిని దిద్దుచున్నారు. అయితే ఏ మనుష్యులచే? 2018లో ప్రకటితమైన మోరల్ మెషీన్ పరిశోధనలో, డ్రైవరు లేని కారు తప్పని ప్రమాదమున ఎవరిని కాపాడవలెనని లోకులను అడిగిరి. 233 దేశములు, ప్రాంతముల నుండి సుమారు 4 కోట్ల నిర్ణయములు వచ్చినవి. పెద్దలకంటె పిన్నలను ముందు కాపాడవలెనను మొగ్గు పలు తూర్పు దేశములలో తక్కువగ నుండెను. ప్రశ్నలు పది భాషలలో నడిగిరి. ఆ పదింటిలో తెలుగు లేదు.

ఇంట తెలుగు, వీధిలో మరియొక భాష పలుకుచు తరతరములుగ బ్రదుకుచున్న మనము ఈ సంగతిని గమనింపవలెను. లెక్కకు రాని భాషవారి మంచిచెడ్డలును లెక్కకు రావు. మనకు నీతిశతకములు కలవు, నిజమే. కాని ఆ నీతిని నిత్యపు తగవులకు అన్వయించిన తీరు పెద్దల నోటనే యున్నది. వ్రాతకెక్కనిది యంత్రమునకు కానరాదు.

కావున మీకు రెండు విన్నపములు. యంత్రము చెప్పిన తీర్పును పిల్లలు తెచ్చినపుడు "ఎందుకు?" అని అడుగుడు, కారణము వారే వెదకి చెప్పవలెను. తీర్పు తప్పినచో ఫలము ననుభవించువారు మనుష్యులే గాని యంత్రము గాదు. రెండవది, అవ్వలు, తాతలు తగవులు తీర్చిన విధమును పిల్లలచే తెలుగున వ్రాయింపుడు. ఈ సంచికలో వానికి చోటు కలదు.