1994కు మార్కులు వేసిందెవరు?



తొంభైల్లోంచి ఏదో ఒక సంవత్సరం తీసుకుని ఆ ఏటి మేటి సినిమాల గురించి మాట్లాడమన్నారు ఫిల్మ్ సొసైటీ నిర్వాహకులు. ఏ సంవత్సరమో నా ఇష్టానికే వదిలేశారు. నేను 1994 తీసుకున్నాను. సినిమా వెబ్‌సైట్ ఐఎండీబీ జాబితాలో 2008 నుంచీ మొదటి స్థానం వదలకుండా కూర్చున్న ‘ది షాషాంక్ రిడెంప్షన్’ ఆ ఏడాదిదే. పదికి 9.3 మార్కులు. ఓటు వేసినవాళ్లు ముప్ఫై లక్షలకు అటూ ఇటూ. అదే జాబితాలో పై వరసల్లో కనిపించే ‘పల్ప్ ఫిక్షన్’, ‘ఫారెస్ట్ గంప్’, ‘లియోన్’, ‘ది లయన్ కింగ్’ కూడా 1994వే. ఒక్క ఏడాదికి ఇంత పంట అరుదు.

వీటి కథలు మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇక్కడున్నవాళ్లలో సగం మంది నాకంటే ఎక్కువసార్లు చూసి ఉంటారు. నేను మాట్లాడదలచుకున్నది ఆ మార్కుల గురించి. ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, సినిమా వాళ్ల దాకా ఏ దారిన చేరింది?

ముందు షాషాంక్ సంగతి చూద్దాం. ఫ్రాంక్ డారాబాంట్ థియేటర్ల కోసం తీసిన మొదటి సినిమా అది. స్టీఫెన్ కింగ్ 1982లో అచ్చేసిన ఒక పెద్ద కథ దానికి ఆధారం. ఒహాయో రాష్ట్రంలో మాన్స్‌ఫీల్డ్ అనే ఊళ్లో మూతబడ్డ పాత జైల్లో 1993 వేసవిలో చిత్రీకరించారు. ఖర్చు రెండున్నర కోట్ల డాలర్లు. సెప్టెంబరులో కొద్ది థియేటర్లలో వేసి, అక్టోబరు 14 శుక్రవారం దేశమంతా వదిలారు. సరిగ్గా అదే శుక్రవారం ‘పల్ప్ ఫిక్షన్’ కూడా దేశమంతా దిగింది. మే నెలలో కాన్ ఉత్సవంలో స్వర్ణతాళపత్రం కొట్టుకొచ్చిన సినిమా అది. కుర్రకారంతా అటు పోయారు. షాషాంక్‌లో హీరోయిన్ లేదు, పాటల్లేవు, ఫైట్లు లేవు, ఉన్నదల్లా జైలు గోడలు. పైగా నోరు తిరగని పేరు. మొదటి విడుదలలో వచ్చింది కోటీ అరవై లక్షల డాలర్లు. మన ఎగ్జిబిటర్ల భాషలో చెప్పాలంటే డబ్బాలు వెనక్కి వెళ్లిపోయాయి.

ఆస్కార్‌కు ఏడు నామినేషన్లు వచ్చాయి. 1995 మార్చి 27 రాత్రి ఏడూ పోయాయి. ‘ఫారెస్ట్ గంప్’ ఆరు ఎత్తుకుపోయింది. నామినేషన్ల పేరు చెప్పి మళ్లీ విడుదల చేస్తే మొత్తం వసూళ్లు రెండు కోట్ల ఎనభై లక్షల దాకా పాకాయి. థియేటర్లకు పోయే వాటా తీసేస్తే అప్పటికీ నష్టమే.

అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. వార్నర్ బ్రదర్స్ వాళ్లు అద్దె షాపులకు 3,20,000 క్యాసెట్లు పంపారు. ఆడని సినిమాకు అన్ని క్యాసెట్లేమిటని ఆ కంపెనీలోనే ముక్కున వేలేసుకున్నారట. 1995లో అమెరికాలో జనం ఎక్కువగా అద్దెకు తీసుకెళ్లిన క్యాసెట్లలో అదొకటైంది. ఇంకో ముడి కూడా ఉంది. సినిమా తీసిన క్యాసిల్ రాక్ సంస్థను టెడ్ టర్నర్ కంపెనీ 1993లోనే కొనేసింది. టర్నర్‌కు టీఎన్‌టీ అనే కేబుల్ చానల్ ఉంది. సొంత సరుకు, హక్కులకు బయటివాళ్లకు డబ్బు కట్టే పని లేదు. 1997 నుంచి ఆ చానల్‌లో అది వేశారు, మళ్లీ వేశారు, వేస్తూనే ఉన్నారు. అంటే ప్రపంచంలో అత్యధిక మార్కులు వచ్చిన సినిమా వెనక ఒక వ్యాపార కొనుగోలు ఉంది. సినిమా చరిత్ర పుస్తకాల్లో ఇలాంటి సంగతులకు ఒక ఫుట్‌నోట్ దొరికితే గొప్ప.

ఇక నా సిద్ధాంతం ఒకటి చెబుతాను, ఒప్పుకోకపోయినా వినండి. టీవీలో సినిమాను మొదటినుంచీ చూసేవాళ్లు తక్కువ. చానల్ మారుస్తూ మధ్యలో తగులుకుంటాం. షాషాంక్‌ను ఎక్కడ తగులుకున్నా ఫరవాలేదు. పైకప్పుకు తారు పూసిన ఖైదీలు ఎండలో కూచుని బీరు తాగే ఘట్టం ఉంది. మోట్సార్ట్ రికార్డు లౌడ్‌స్పీకర్లలో మోగితే జైలంతా నిలబడిపోయే ఘట్టం ఉంది. ముసలి లైబ్రేరియన్ బ్రూక్స్ యాభై ఏళ్ల తర్వాత బయటికొచ్చి కార్లను చూసి బెదిరిపోయే ఘట్టం ఉంది. ఒక్కోటీ పది నిమిషాల్లో ముగిసే సొంత కథ. ముందేం జరిగిందో తెలియకపోతే మోర్గాన్ ఫ్రీమన్ గొంతు చెప్పేస్తుంది. ‘ఫారెస్ట్ గంప్’ కూడా అంతే. బెంచీ మీద కూర్చుని చెప్పే ముచ్చట్ల మూట, ఎక్కడ విప్పినా ఒకటి దొరుకుతుంది. ‘పల్ప్ ఫిక్షన్’ అయితే దర్శకుడు టరాంటినోయే కథను ముక్కలు చేసి వరస మార్చి పెట్టాడు. మధ్యలోంచి చూసేవాడికి మొదటినుంచీ చూసేవాడికంటే పెద్ద నష్టమేమీ లేదు! ‘లయన్ కింగ్’ పిల్లల క్యాసెట్. అరిగిపోయేదాకా చూస్తారు, పెద్దయ్యాక ఓటు వేస్తారు. ‘లియోన్’ మాత్రం నా సిద్ధాంతానికి లొంగదు. దాన్ని వదిలేస్తున్నాను.

షాషాంక్ గొప్ప సినిమాయేనా అని మీరు అడుగుతారు. మంచి సినిమా. రోజర్ డీకిన్స్ కెమెరా, థామస్ న్యూమన్ సంగీతం మళ్లీ మళ్లీ చూడదగ్గవి. పంతొమ్మిదేళ్ల శిక్షను రెండు గంటల ఇరవై నిమిషాల్లో ఇంత ఓపికగా చెప్పడం సులువు కాదు. కానీ ప్రపంచ సినిమా మొత్తంలో మొదటిది అంటే నా చేయి లేవదు. లోకంలో మంచివాడికి ఆలస్యంగానైనా న్యాయం జరుగుతుందని హామీ ఇచ్చే సినిమా అది. ఆ హామీ కోసం జనం మళ్లీ వస్తారు. రావడంలో తప్పూ లేదు.

ఐఎండీబీలో దానికి మొదటి స్థానం దక్కిన తీరు ఇంకా తమాషా. ఏళ్ల తరబడి ‘గాడ్‌ఫాదర్’ అక్కడుండేది. 2008 జులైలో ‘ది డార్క్ నైట్’ వచ్చింది. అభిమానులు తమ సినిమాకు పదులు వేయడంతో ఆగలేదు, గాడ్‌ఫాదర్‌కు ఒకట్లు గుద్దారు. గాడ్‌ఫాదర్ అభిమానులు ఊరుకుంటారా? వాళ్లూ తిరిగి గుద్దారు. ఇద్దరూ కొట్టుకుని కిందికి జారితే, ఎవరితోనూ పేచీ లేని షాషాంక్ పైన మిగిలింది. హీరోల అభిమాన సంఘాల సంగతి తెలిసిన మనకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇలాంటివి ఇంటర్నెట్ వచ్చాకే పుట్టాయనుకుంటే పొరపాటు. 1994 సినిమాల్లోనే, కాగితాల మీద మార్కులు వేసే రోజుల్లోనే, దీన్ని మించిన ఉదాహరణ ఉంది. దాని పేరు ‘హూప్ డ్రీమ్స్’. షికాగోలో ఇద్దరు నల్లజాతి కుర్రాళ్లు, విలియం గేట్స్, ఆర్థర్ ఏజీ, బాస్కెట్‌బాల్ ఆడి పైకి రావాలని కన్న కల మీద స్టీవ్ జేమ్స్ తీసిన డాక్యుమెంటరీ. దాదాపు ఐదేళ్లు వాళ్ల వెంట కెమెరా తిరిగింది. నిడివి మూడు గంటలకు పది నిమిషాలు తక్కువ. విమర్శకులు రోజర్ ఎబర్ట్, జీన్ సిస్కెల్ ఇద్దరూ ఆ ఏటి ఉత్తమ చిత్రం అదేనన్నారు. వాళ్లిద్దరూ ఒక మాట మీద నిలబడటమే పెద్ద వార్త.

ఆస్కార్ డాక్యుమెంటరీ విభాగంలో దానికి నామినేషన్ కూడా రాలేదు. గోల లేచింది. ఎంపిక ఎలా జరిగేదో అప్పుడు బయటపడింది. కమిటీ సభ్యుల చేతికి చిన్న టార్చి లైట్లు ఇచ్చేవారు. సినిమా నచ్చకపోతే లైటు వెలిగించి ఊపాలి. ఎక్కువ లైట్లు వెలిగితే ప్రదర్శన ఆపేసేవారు. ‘హూప్ డ్రీమ్స్’ కొద్ది నిమిషాలకే ఆగిపోయిందని ఎబర్ట్ రాశాడు. అకాడమీ పెద్దలు మార్కుల పట్టీలు తెప్పించి చూస్తే ఇంకో విషయం తేలింది. కొందరు సభ్యులు తమకు కావాల్సిన ఐదింటికి పదులు వేసి, మిగతా అన్నింటికీ సున్నాలు పెట్టారు. పిడికెడు మంది సున్నాలు పెడితే చాలు, మిగతావాళ్లకు నచ్చిన సినిమా అయినా సగటులో మునిగిపోతుంది. తర్వాత అకాడమీ ఆ పద్ధతిని మార్చుకుంది. సినిమాకు మాత్రం ఎడిటింగ్‌లో ఒక్క నామినేషన్ దక్కింది.

అదే ఏడాది కీస్లోవ్‌స్కీ ‘త్రీ కలర్స్: రెడ్’ది మరో రకం కష్టం. కాన్‌లో పోటీకి వెళ్లి ఒట్టి చేతులతో తిరిగొచ్చింది. స్విట్జర్లాండ్ తన తరఫున ఆస్కార్‌కు పంపితే, ఇందులో స్విస్ వాటా సరిపోదని తిప్పికొట్టారు. తీసినవాడు పోలిష్, డబ్బు ఫ్రాన్స్‌ది, పోలండ్‌ది, స్విట్జర్లాండ్‌ది, కథ జెనీవాలో. ఏ దేశపు బుట్టలోనూ పట్టలేదు. చివరికి దర్శకుడికి, స్క్రీన్‌ప్లేకు, కెమెరాకు మామూలు విభాగాల్లో నామినేషన్లు ఇచ్చి ఊరుకున్నారు. ఇక సినిమాలు తీయనని చెప్పేసిన ఆయన 1996 మార్చిలో పోయాడు. ఆ ఏడాది సినిమాల్లో నాకు అన్నిటికంటే దగ్గరైనది ‘రెడ్’. మీలో ఎవరికైనా నచ్చకపోతే టీ తాగేటప్పుడు పోట్లాడుకుందాం. కానీ నా సిద్ధాంతం ప్రకారం అది టీవీలో మధ్యలో తగులుకుని చూసే సినిమా కాదు. చివరి ఓడ ప్రమాదం బరువు తెలియాలంటే ఆ వరసలో ముందొచ్చిన ‘బ్లూ’, ‘వైట్’ కూడా చూసి ఉండాలి. అంత తీరిక ఎవరికుంది?

ఇక్కడ మార్కుల లెక్క గురించి ఒక మాట. ఐఎండీబీ పై జాబితాలోకి రావాలంటే కనీసం 25 వేల ఓట్లుండాలి. ఉన్నా, వచ్చిన సగటు ఉన్నదున్నట్టు వేయరు. లోకంలోని సినిమాలన్నిటి సగటు మార్కుతో 25 వేల ఊహా ఓట్లు ప్రతి సినిమాకూ కలుపుతారు. పాలలో ఒక చెంబు నీళ్లు కలపడం లాంటిదే ఇది. బిందెడు పాలైతే జాడ తెలియదు, గ్లాసుడు పాలైతే మిగిలేది నీళ్లే. లోకం సగటు 7 అనుకోండి. ఒక సినిమాకు 25 వేల మంది తలా 9 వేస్తే లెక్కలో అది 8 అవుతుంది. ముప్ఫై లక్షల మంది 9 వేస్తే 8.98 దగ్గర నిలుస్తుంది. మోసం ఏమీ లేదు, నలుగురు స్నేహితులు కలిసి తమ సినిమాను ఆకాశానికి ఎత్తకుండా ఉండేందుకు పెట్టుకున్న కట్టడి. కానీ ఆ కట్టడికి తక్కువ మంది చూసిన మంచి సినిమాలు కూడా చిక్కుకుంటాయి.

మరో వైపు, విమర్శకులతో ఓట్లు వేయించే బ్రిటిష్ పత్రిక ‘సైట్ అండ్ సౌండ్’ 2022 వంద చిత్రాల్లో షాషాంక్ లేదు. 1994 సినిమాల్లోంచి అక్కడ కనిపించేవి వాంగ్ కార్ వాయ్ ‘చుంగ్‌కింగ్ ఎక్స్‌ప్రెస్’, బేలా తార్ ‘సాతాన్‌టాంగో’. మొదటిది హాంగ్‌కాంగ్‌లో, ‘యాషెస్ ఆఫ్ టైమ్’ అనే భారీ కత్తి యుద్ధాల సినిమా ఎడిటింగ్‌తో అలసిపోయిన దర్శకుడు విరామంలో చకచకా చుట్టేసింది. రెండోదాని గురించి చివర్లో చెబుతాను.

మన దేశానికి వస్తే, 1994 కాన్ పోటీలో టరాంటినో, కీస్లోవ్‌స్కీల సరసన ఒక మలయాళ సినిమా ఉంది. షాజీ కరుణ్ ‘స్వహం’. ఎంతమందికి గుర్తుంది? షాషాంక్‌కు మన దేశంలో తోబుట్టువు ఎవరంటే నేను ‘అందాజ్ అప్నా అప్నా’ పేరు చెబుతాను. రాజ్‌కుమార్ సంతోషి తీసిన ఆ హాస్యచిత్రం 1994 నవంబరు 4న వచ్చింది. ఆగస్టులో విడుదలైన ‘హమ్ ఆప్కే హై కౌన్’ అప్పటికీ హాళ్లు వదల్లేదు. ఆమిర్, సల్మాన్ ఇద్దరూ ఉన్నా ఆడలేదు. దాన్నీ బతికించింది క్యాసెట్లు, టీవీయే. ఇవాళ అందులోని డైలాగులు తెలియని హిందీ కుర్రాడు ఉండడు.

తెలుగులో అప్పుడు మార్కుల గొడవే లేదు, మన కొలత రోజులు. ఎన్ని సెంటర్లలో యాభై, ఎన్నింటిలో వంద అన్నదే లెక్క. ఆ ఏడాది ఏప్రిల్‌లో జానపదాల కాలం అయిపోయిందనుకుంటున్న వేళ సింగీతం శ్రీనివాసరావు ‘భైరవద్వీపం’ వచ్చి ఆడింది. అదే నెలలో ‘యమలీల’, సెప్టెంబరులో ‘శుభలగ్నం’, రెండూ ఎస్.వి.కృష్ణారెడ్డివే. మరుసటి ఏడాదికల్లా ఈటీవీ, జెమినీ వచ్చాయి. మొగుణ్ణి కోటికి అమ్ముకున్న ‘శుభలగ్నం’ ఇల్లాలి కథ ఇంటి హాల్లోకి వచ్చి కూర్చుంది. ఆ సినిమాలను అలా చూసిన లక్షల కుటుంబాలు ఏ జాబితాలోనూ ఓటు వేయలేదు. ‘భైరవద్వీపం’ ఇప్పటికీ ఆ 25 వేల గడప దరిదాపుల్లో లేదు. అందుకని సింగీతం గారికి కలిగిన నష్టమేమిటో నాకైతే తెలియదు. నష్టం మన తర్వాతి వాళ్లకు. జాబితా చూసి సినిమాలు ఎంచుకునే కుర్రాళ్లకు అది కనిపించదు.

ఇక ‘సాతాన్‌టాంగో’. 2025లో సాహిత్యానికి నోబెల్ అందుకున్న హంగరీ రచయిత లాస్లో క్రాస్నహోర్కయి నవల ఆధారం. నిడివి ఏడు గంటల పైచిలుకు. వాన, బురద, నడుస్తున్న మనుషులు. మధ్యలో రెండు విరామాలిచ్చి వేస్తారు. నిర్వాహకులు ఏదైనా ఒక ఆదివారం ఉదయం పది గంటలకు ఈ హాలు తీసి పెడితే, డిస్కు నేను తెస్తాను. భోజనాల ఖర్చు సంగతి కోశాధికారి గారు ఇప్పుడే ఈ వేదిక మీదే తేల్చాలి. వస్తామనేవాళ్లు చేతులెత్తితే ఆయనకు పులిహోర ఎంతమందికి చెప్పాలో తెలుస్తుంది.