కొండబిడ్డల ప్రతిభకు తగిన పాఠ్యక్రమము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ప్రతిభావంతులగు బాలబాలికల పాఠశాలనుగూర్చి ముచ్చటింపుమని అధ్యక్షులవారు మమ్ము కోరిరి. పోషకులలో కొందరు అరకులోయలో భూమిని కొని అట్టి పాఠశాలను నెలకొల్పదలచియున్నారు. సంకల్పము శ్లాఘ్యమే. కాని భూమి మాట మొదట తేల్చుకొనవలయును. 1970వ సంవత్సరపు మొదటి రెగ్యులేషను ననుసరించి ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదలాయింపు చెల్లదు. ఇట్టి నిర్బంధమునకు మూలము 1917 నాటి చట్టముననే కలదు. 1997లో సర్వోన్నత న్యాయస్థానము సమతా వ్యాజ్యమున, బొర్రా ప్రాంతపు గనుల కౌళ్ల విషయమై, ప్రభుత్వము సైతము ఆ భూములను గిరిజనేతరులకు కౌలు కీయరాదని తీర్పు చెప్పినది. కావున మన శిలాఫలకముతో అచ్చట భవనము లేవదు. ఇది యొకందుకు మేలే. భవనము మాట తొలగినచో, ఆలోచింపవలసినది చదువు మాటయే కదా!

ప్రభుత్వము చేసినది స్వల్పము కాదు. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలున గురుకుల విద్యాలయము వెలసినది. తరువాత నవోదయ విద్యాలయములును, 1997-98 నుండి గిరిజనులకై ఏకలవ్య గురుకులములును వచ్చినవి. భారతము చదివినవారికి ఈ కడపటి పేరు వినగానే బొటనవ్రేలు జ్ఞప్తికి వచ్చును. పేరు పెట్టినవారి యుద్దేశము మంచిదే. అచ్చటి గురువు మాత్రము ద్రోణుడు కాకుండవలయును.

ఇక మేము మనస్సున కల్పించుకొన్న పాఠశాలను వినుడు. మొదట గణితము. తూర్పుకనుమలలోని సవరలు తమ భాషలో 12 దాటిన పిమ్మట 13ను పన్నెండునొకటి యనియు, 19ని పన్నెండునేడు అనియు లెక్కింతురు. 20 వారికొక పూర్తి రాశి. 39 అనగా ఇరువదియు, పన్నెండును, ఏడును. ఇది యజ్ఞానమని నవ్వు పంతుళ్లు కలరు. వారు లీలావతిని తెరచి చూతురు గాక! భాస్కరాచార్యులు ఆ గ్రంథారంభముననే 20 వరాటకములు ఒక కాకిణి, 4 కాకిణులు ఒక పణము, 16 పణములు ఒక ద్రమ్మము అని మానములు చెప్పెను. ఒకే లెక్కలో మూడు వేర్వేరు మూలసంఖ్యలు! సవర బాలునకు తన యింటి లెక్కనుండియే స్థానవిలువల తత్త్వమును, యంత్రగణకములు వాడు రెండంకెల పద్ధతిని బోధింపవచ్చును. దశాంశ పద్ధతి యొక్కటే యెరిగిన పట్టణపు బాలునికంటె వాడు ఒక మెట్టు ముందున్నవాడు.

భాషావిషయము మాకు మిక్కిలి ప్రియమైనది. గదబలనుచు మన మొక్కపేరుతో పిలుచువారిలో రెండు భాషలు కలవు. ఒల్లారి ద్రావిడము, తెలుగునకు బంధువు. గుతోబ్ ముండా శాఖకు చెంది, కాంబోడియాలోని ఖ్మేరునకును వియత్నాము భాషకును దూరపు చుట్టము. పై తరగతులవారికి మేము పాణిని సూత్రములను నేర్పుదుము. వల్లె వేయించుటకు గాదు; ఉత్సర్గమేది, అపవాదమేది, కొలది మాటలతో నియమమును బంధించుట యెట్లు అను పద్ధతి పట్టువడుటకు. పిదప ఆ పద్ధతినే తమ తల్లిభాషకు ప్రయోగించి సూత్రములు వ్రాయుమందుము. ఆ భాషలో తప్పొప్పుల నిర్ణయము విద్యార్థిదే, గురువుది గాదు.

ఈ దారి తీసినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. వారు పర్లాకిమిడిలో నుండి సవర భాష నభ్యసించి, ఆ బిడ్డలకు వారి భాషలోనే వాచకములు వ్రాసి బడులు పెట్టించిరి. 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. గ్రాంథికమున నుపన్యసించు మాబోంట్లతో వారు జీవితాంతము పోరాడిరి. ఐనను ఈ విషయమున మా నమస్కారము వారికే.

ప్రకృతిశాస్త్రమునకు ప్రయోగశాల కొండయే. అచ్చటి శిలకు భూగర్భశాస్త్రజ్ఞులు ఖొండలైటని ఖోందుల పేరే పెట్టిరి. ఇట్టి శిలలే అంటార్కిటికా తూర్పుభాగమున కలవు. ఒకనాడు ఆ రెండు భూఖండములు కలిసియుండెను. ఖోందు బాలిక తన జాతిపేరు ప్రపంచపు శాస్త్రగ్రంథములలో నున్నదని యెరుగకయే పదవ తరగతి ముగించుట మనకు లజ్జాకరము. ఆ శిల శైథిల్యమంది బాక్సైటగుటను, బొర్రాలో సున్నపురాయి నీట కరగి స్తంభములగుటను చూపి రసాయనశాస్త్రము చెప్పవచ్చును. ఆ కొండల గనుల విషయమై వ్యాజ్యములు నడచినవి గనుక, కడపటి సంవత్సరమున పైని చెప్పిన రెగ్యులేషనును, తీర్పును మూలముతో చదివింపవలయును.

"ఈ చదువునకు ఉద్యోగము వచ్చునా?" యని ముందువరుసలో నొకరు ప్రశ్నించుచున్నారు. వైద్య, సాంకేతిక ప్రవేశపరీక్షల పాఠములు యథావిధిగా నుండవలసినదే. వానిని మాన్పించుట మరియొక బొటనవ్రేలు కోయుటయే యగును. విద్యార్థుల నెన్నుకొను పరీక్ష మాత్రము తెలుగున నొక్కదానన ఉండరాదు. అట్టి పరీక్ష తెలుగు నెరుగుటను కొలుచును గాని ప్రతిభను గాదు. కువి బాలుని కువిలోనే ప్రశ్నింపవలయును.

కావున సభవారికి మా మనవి యిది. భవననిధి యని వ్రాసికొన్న సొమ్మును, ఇప్పుడున్న గిరిజన గురుకులములలో, ప్రభుత్వానుమతితో, ఈ పాఠములు చెప్పువారి జీతములకు మార్పుడు. సవర, కువి, గుతోబ్ భాషలు పుట్టుకతో వచ్చినవారిని ముందుగా నియమింపవలయును. తీర్మానపు ముసాయిదాలో "మన కులమువారి బిడ్డలకు" అను మాటలు కలవు. వానిని కొట్టివేయవలెనను మా సవరణను వ్రాతమూలమున కార్యదర్శిగారికి ఇచ్చియున్నాము. మధ్యాహ్నపు సమావేశమున ఓటునకు వచ్చును.