తర్షీషు ఓడలలో వచ్చిన కోతులు

ఈ వర్తమానమును రేడియోలో విన్నవారు మరొకసారి జ్ఞాపకము చేసుకోండి. మొదటిసారి చదువుతున్న మీరు నాతో కలిసి కొంచెముసేపు ఆలోచించండి.

ఈ దినము మనం ధ్యానించబోయే వాక్యభాగము మొదటి రాజుల గ్రంథము 10వ అధ్యాయము 22వ వచనము. సొలొమోను రాజు కాలములో మూడేండ్లకొకసారి తర్షీషు ఓడలు రేవుకు చేరేవి. వాటిలో బంగారము వచ్చింది, వెండి వచ్చింది, ఏనుగు దంతము వచ్చింది. ఆ సరుకుల వరుసలోనే కోతులూ నెమళ్ళూ వచ్చాయి. ఈ వచనము మీరు ఎన్నోసార్లు చదివి ఉంటారు. సొలొమోను వైభవమునకు ఆశ్చర్యపడి ఉంటారు. అయితే ఆ కోతుల సంగతి ఎప్పుడైనా ఆలోచించారా? అవి ఏ అడవిలో పుట్టాయి? వాటిని పట్టినప్పుడు వాటి తల్లులు ఏమయ్యాయి? యెరూషలేముకు వచ్చిన తర్వాత ఎన్నాళ్ళు బ్రతికాయి? ఆ అధ్యాయములో ఒక్క మాటైనా లేదు. దంతము పక్కన అవి కూడా ఒక సరుకు, అంతే.

ప్రియులారా, ఆ ఓడలు ఆగిపోయాయని అనుకోకండి. ఇప్పుడు అవి విమానాలై వస్తున్నాయి. 2022 ఆగస్టులో చెన్నై విమానాశ్రయములో కస్టమ్స్ అధికారులు థాయిలాండ్ నుండి వచ్చిన ఒక ప్రయాణికుని సామాను తెరిచి చూశారు. లోపల పాములు, తాబేళ్ళతో పాటు ఒక డి బ్రాజా కోతి ఉంది. ఆ జాతి స్వస్థలము మధ్య ఆఫ్రికా అడవులు. ఆఫ్రికా కోతి థాయిలాండ్ మీదుగా మన చెన్నైకి సూట్‌కేసుల మధ్య వచ్చింది! అధికారులు ఆ జీవులను తిరిగి థాయిలాండుకే పంపించారు. ఎవరో ఒకరు ఇంట్లో పెంచుకోవాలని కోరుకుంటేనే కదా, ఎవరో ఒకరు పెట్టెలో పెట్టి తెచ్చేది?

ఈ మధ్య ఒక సహోదరుడు ఫోనులో నన్ను ఇలా అడిగారు. "అయ్యగారూ, మా అబ్బాయి మార్మోసెట్ జంటను కొనమని ఒకటే పోరు పెడుతున్నాడు. అరచేతిలో పట్టేంత కోతి. విదేశీ కోతి కాబట్టి పెంచుకోవచ్చట. కాగితాలు కూడా ఇస్తామంటున్నారు. కొంటే తప్పా?"

మంచి ప్రశ్న. కొనక ముందు అడిగారు గనుక ఇంకా మంచి ప్రశ్న. మొదట చట్టము సంగతి చూద్దాం. మన దేశములో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఉంది. అది ముఖ్యముగా ఈ దేశపు అడవి జీవులను దృష్టిలో పెట్టుకొని చేసినది. అందుకే చాలా కాలము విదేశీ జీవుల వ్యాపారము ఆ సందులో నుండి నడిచింది. 2022లో ఆ చట్టమును సవరించారు. సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో నియమాలు వెలువడ్డాయి. అంతర్జాతీయ ఒప్పందమైన సైట్స్ పట్టికలలో ఉన్న జీవి మీ దగ్గర ఉంటే పరివేష్ అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా నమోదు చేయించాలి. కోతి జాతులన్నీ ఆ పట్టికలలో ఉన్నాయి. కాబట్టి నమోదు లేకుండా దాచి ఉంచుకోవడము నేరమే. అందులో సందేహము లేదు.

అయితే ఆ సహోదరుని ప్రశ్న అంతటితో తీరదు. కాగితము ఉంటే తప్పు కాదా? కాగితము యజమానికి రక్షణ ఇస్తుంది. ఆ కోతిపిల్లకు ఏమిస్తుంది? దేవుని బిడ్డలమైన మనం అడగవలసిన ప్రశ్న ఇది. మూడు సంగతులు మీ ముందు ఉంచుతాను.

మొదటిది, తల్లి. లేవీయకాండము 22వ అధ్యాయము 27వ వచనము చూడండి. దూడ గాని గొర్రెపిల్ల గాని మేకపిల్ల గాని పుట్టితే ఏడు దినములు తల్లితో ఉండనివ్వాలని, ఎనిమిదవ దినము మొదలుకొని మాత్రమే అర్పణకు తేవచ్చునని దేవుడు ఆజ్ఞాపించాడు. ఆలోచించండి. బలిపీఠమునకు వెళ్ళబోయే పిల్లకు కూడా తల్లి దగ్గర ఉండే రోజులను దేవుడు లెక్కపెట్టి ఇచ్చాడు! మరి కోతిపిల్లకు తల్లితో ఎన్నాళ్ళు కావాలి? చింపాంజీ పిల్ల నాలుగైదేళ్ళు తల్లి పాలు తాగుతుంది. మార్మోసెట్‌కు సాధారణముగా కవల పిల్లలు పుడతాయి. తల్లి పాలిస్తుంది, తండ్రి పిల్లలను వీపు మీద మోస్తాడు, అన్నలూ అక్కలూ సాయపడతారు. మన పల్లెల్లోని ఉమ్మడి కుటుంబము వంటిది అది.

అయితే మనిషికి మచ్చిక కావాలంటే పిల్లను చిన్నప్పుడే కుటుంబము నుండి విడదీయాలి. వ్యాపారము నడిచేది అక్కడే. తల్లి లేని పిల్లకు ఏమవుతుందో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో హ్యారీ హార్లో అనే శాస్త్రవేత్త 1950లలో పరీక్షించాడు. తల్లి నుండి వేరు చేసిన కోతిపిల్లల ముందు రెండు బొమ్మ తల్లులను పెట్టాడు. ఒకటి తీగతో చేసినది, మరొకటి మెత్తటి గుడ్డ చుట్టినది. పాలసీసా తీగ బొమ్మకు ఉన్నా పిల్లలు ఎక్కువ సమయము గుడ్డ బొమ్మనే కరచుకొని ఉన్నాయి. కోతిపిల్ల మీ చొక్కాను గట్టిగా పట్టుకొని వదలకపోతే "మా మీద ఎంత ప్రేమో" అని మీరు మురిసిపోతారు. సహోదరీ, అది నీ మీద ప్రేమ అని తొందరపడి అనుకోవద్దు. దానికి తల్లి కావాలి, దొరికినది నీ చొక్కా.

రెండవది, ఇల్లు. యోబు గ్రంథము 39వ అధ్యాయములో దేవుడు యోబును ఒక వింత ప్రశ్న అడుగుతాడు. అడవి గాడిదను స్వేచ్ఛగా పోనిచ్చినది ఎవరు? అరణ్యమును దానికి ఇల్లుగా ఇచ్చినది ఎవరు? ఇచ్చినవాడు దేవుడే. 104వ కీర్తన చదవండి. కొండమేకలకు కొండలను, కుందేళ్ళకు బండలను, పక్షులకు చెట్లను ఆయనే నివాసముగా ఇచ్చాడు. మార్మోసెట్‌కు ఆయన ఇచ్చిన ఇల్లు ఈశాన్య బ్రెజిల్ అడవులు. అది పళ్ళతో చెట్టు బెరడును గీరి జిగురు తింటుంది. ఎండ తగలకపోతే, విటమిన్ డి సరిపడా అందకపోతే దాని ఎముకలు మెత్తబడి వంగిపోతాయి. ఏసీ గదిలో బిస్కట్లు, అరటిపండు పెట్టి "మా పిల్లలాగే చూసుకుంటున్నాం" అంటారు. పిల్లలాగే చూసుకోవడమే దానికి కీడు.

ఇంకొక సంగతి వినండి. మనలో చాలామందికి పెదవి దగ్గర జ్వరపు పొక్కులు వస్తుంటాయి. నాలుగు రోజుల్లో మానిపోతాయి, మనం పట్టించుకోము. ఆ పొక్కులను పుట్టించే హెర్పిస్ వైరస్ మార్మోసెట్‌కు సోకితే ప్రాణమే పోవచ్చు. ప్రేమతో పెట్టిన ముద్దు దానికి మరణము కావచ్చు. అటునుండి కూడా అపాయము ఉంది. మకాక్ జాతి కోతులలో ఉండే బి వైరస్ మనిషికి సోకడము అరుదే గాని, సోకితే మెదడుకు ఎక్కి చంపగలదు. దేవుడు వేర్వేరుగా ఉంచిన ఇళ్ళను మనం కలిపితే రెండు ఇళ్ళకూ నష్టమే.

మూడవది, భాష. పశువుల ప్రాణమును నీతిమంతుడు పట్టించుకుంటాడని సామెతల గ్రంథము 12వ అధ్యాయము నేర్పిస్తుంది. పట్టించుకోవాలంటే అది ఏమి చెబుతున్నదో తెలియాలి. మన ఆంధ్ర అడవుల్లో దేవాంగపిల్లి ఉంది కదా, పెద్ద పెద్ద కళ్ళతో రాత్రిపూట తిరిగే చిన్న ప్రాణి. దానికి దగ్గర బంధువు ఆగ్నేయాసియాలో ఉండే స్లో లోరిస్. 2009 నుండి యూట్యూబ్‌లో దాని వీడియోలు లోకమంతా చుట్టివచ్చాయి. మనిషి చక్కిలిగింతలు పెడుతుంటాడు, అది రెండు చేతులూ పైకెత్తుతుంది. చూసినవారంతా "ఎంత ముద్దుగా ఉంది, ఇంకా కావాలంటున్నది" అన్నారు. నిజమేమిటి? స్లో లోరిస్‌కు మోచేతి లోపలివైపు విషగ్రంథి ఉంది. ఆపద వచ్చినప్పుడు దానిని నాకి, విషమును ఉమ్మితో కలిపి కరవడానికి అది చేతులు పైకెత్తుతుంది. అది ఆట కాదు, భయము! అమ్మేవారు అది కరవకుండా మత్తుమందు కూడా లేకుండా పళ్ళు కత్తిరిస్తారు. చీము పట్టి చాలా చచ్చిపోతాయి. అది భయముతో చేతులెత్తితే లోకము చూసి నవ్వింది.

కొందరు అడుగుతారు: "అయ్యా, రెండవ సమూయేలు గ్రంథములో నాతాను చెప్పిన కథలో బీదవాడు గొర్రెపిల్లను కూతురిలా పెంచుకున్నాడు కదా? తన కంచములోనిది పెట్టాడు, ఒడిలో పడుకోబెట్టుకున్నాడు. అది తప్పు కాదు కదా?" నిజమే, తప్పు కాదు. ఆ ప్రేమను దేవుని ప్రవక్త తప్పుపట్టలేదు. దానిని దోచుకున్న ధనవంతునినే తప్పుపట్టాడు. గొర్రె, కుక్క, ఆవు వేల ఏండ్లుగా తరతరాలు మనిషి దగ్గర పుట్టి, మనిషి దగ్గర పెరిగి సాధువైన జీవులు. కోతి అలాంటిది కాదు. బోనులో పుట్టినా దాని రక్తములో అడవే ఉంటుంది. అంతేకాదు, ఆ కథలో మనం ఎవరి స్థానములో ఉన్నామో పరీక్షించుకోవాలి. బీదవాని స్థానములోనా? ఒకరి ఒడిలోని బిడ్డను తెప్పించుకున్న ధనవంతుని స్థానములోనా?

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రము, స్టామ్‌ఫర్డ్ పట్టణములో ట్రావిస్ అనే చింపాంజీ ఉండేది. పుట్టిన కొద్ది దినములకే దానిని తల్లి నుండి వేరు చేసి అమ్మారు. కొన్న దంపతులు కొడుకులా పెంచారు. బట్టలు తొడుక్కునేది, బల్ల దగ్గర కూర్చొని తినేది, ప్రకటనలలో నటించింది. ఊరంతటికీ ముద్దు. 2009 ఫిబ్రవరి 16న అది యజమానురాలి స్నేహితురాలి మీద పడింది. ఆమె ముఖము, చేతులు, కంటి చూపు పోయాయి. ఆపడానికి, కొడుకులా పెంచిన చేతులతోనే యజమానురాలు దానిని కత్తితో పొడవవలసి వచ్చింది. చివరికి పోలీసులు కాల్చి చంపారు. ఆ ఇంట్లో ప్రేమ లేదని ఎవరు అనగలరు? ప్రేమ ఉంది. అయితే చింపాంజీని చింపాంజీగా ఉండనివ్వని ప్రేమ అది.

ప్రియ చదువరీ, నేను చెప్పదలచినది ఒక్కటే. నాకు కావాలి అనేది ఆశ. దానికి మేలు కావాలి అనేది ప్రేమ. ఈ రెండూ ఒక్కటే అని మనం మోసపోతాము. మన ప్రభువు మనలను ప్రేమించినప్పుడు తనకున్నది విడిచిపెట్టి వచ్చాడు. పట్టుకొనే చెయ్యి కాదు, విడిచిపెట్టే చెయ్యి ఆయనది. కోతిపిల్ల విషయములో విడిచిపెట్టడమంటే కొనకుండా ఉండటమే.

ఇప్పటికే ఇంట్లో ఉన్నవారు ఏమి చేయాలి? భయపడి దానిని చెట్ల మీద వదిలేయకండి. అది ఆకలితోనో, కుక్కల నోటనో చనిపోతుంది. బ్రతికితే ఇక్కడి జీవులకు రోగాలు అంటించవచ్చు. మరొకరికి అమ్మకండి, పిల్లలు పెట్టించకండి. నమోదు చేయించి ఉండకపోతే అటవీశాఖ వారి దగ్గరకు వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కోతుల వైద్యము తెలిసిన డాక్టరుకు చూపించండి. "జాలిపడి దుకాణములో నుండి విడిపించాను" అనేవారికి ఒక మాట. మీరు డబ్బు ఇచ్చి ఒకదానిని విడిపిస్తే, ఆ డబ్బుతోనే మరొకటి బోనులోకి వస్తుంది. కొనకండి, ఫిర్యాదు చేయండి. ముద్దుగా ఉందని అలాంటి వీడియోలను నలుగురికీ పంపకండి.

ఆ సహోదరునికి నేను చెప్పిన జవాబు కూడా ఇదే. "అన్నా, మీ అబ్బాయి కోరికను కసరవద్దు. జీవుల మీద ప్రేమ దేవుడిచ్చినదే. మార్మోసెట్ పన్నెండేళ్ళకు పైగా బ్రతకగలదు. పదేళ్ళ పిల్లవాడు చదువు ముగించి ఉద్యోగానికి ఊరు విడిచి వెళ్ళేనాటికి కూడా అది మీ ఇంటి బోనులోనే ఉంటుంది. అప్పుడు దానికి ఎవరున్నారు? వీధిలో చలికి వణికే కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకోండి. అది మనిషి కోసము ఎదురుచూసే ప్రాణి. కోతులను చూపించాలంటే తిరుమల దారిలో చెట్ల మీద చూపించండి. తల్లి కడుపుకు కరచుకొని పోతున్న పిల్లను చూపించి, ఇది ఎవరి బిడ్డ అని అడగండి. వాడే జవాబు చెబుతాడు."

తలలు వంచి ప్రార్థన చేసుకుందాం. పరలోకమందున్న తండ్రీ, నీవు చేసిన ప్రతి జీవికీ తల్లినీ ఇల్లునూ ఇచ్చిన దేవా, నీకు స్తోత్రములు. కోరినదంతా చేజిక్కించుకోవాలనే మనస్సును మాలో నుండి తీసివేయుము. మూగజీవుల భయమును గుర్తించే కన్నులను మాకు దయచేయుము. చదువుతున్న ప్రతి కుటుంబమును, వారి పిల్లలను దీవించుము. యేసు నామమున అడిగి వేడుకొంటున్నాము తండ్రీ, ఆమేన్.