పెద్దవాళ్ళకూ ప్రత్యేక వైద్యులు కావాలి

(రేడియో మహిళా కార్యక్రమ ప్రసంగం)



పసిపిల్లకు ఒళ్ళు వెచ్చబడితే మనం పిల్లల డాక్టరు దగ్గరికే పరుగెడతాం. పసివాళ్ళకు మందు మోతాదు వేరనీ, వాళ్ళలో జబ్బు కనబడే తీరు వేరనీ ప్రతి తల్లికీ తెలుసు. అదే ఇంట్లో ఎనభై ఏళ్ళ అత్తగారికి నలతగా ఉంటే ఏం చేస్తాం? గుండెకు ఒకరు, కీళ్ళకు ఒకరు, కళ్ళకు ఒకరు, ఇలా నలుగురు డాక్టర్ల చుట్టూ తిప్పుతాం. చివరికి ఎవరో ఒకరు "ఈ వయసులో ఇంతేనమ్మా" అనేస్తారు. మనమూ నిజమే కాబోలనుకుని ఊరుకుంటాం. ఆ ఒక్క మాట చాటున నయం కాగల జబ్బులు ఎన్ని దాగి ఉంటాయో, వాటిని కనిపెట్టటం డాక్టర్లకు ఎవరు, ఎక్కడ నేర్పాలో ఇవాళ చెప్పుకుందాం.

పసివాళ్ళకు ఉన్నట్టే వృద్ధులకూ ప్రత్యేక వైద్యం ఉండాలని ఇగ్నాజ్ నాషర్ అనే న్యూయార్కు డాక్టరు 1909లోనే వాదించాడు. పీడియాట్రిక్స్ అనే మాటకు జోడుగా జీరియాట్రిక్స్ అనే మాటను ఆయనే తయారుచేశాడు. తెలుగులో వార్ధక్య వైద్యం అనుకోవచ్చు.

ముందుగా ఒక చిన్న తికమక తీర్చుకుందాం. నర్సింగ్ హోమ్ అనగానే మనకు పురుళ్ళు పోసే ప్రైవేటు ఆసుపత్రి గుర్తుకొస్తుంది. అమెరికాలోను, యూరప్ దేశాల్లోను ఆ మాటకు అర్థం వేరు. తమ పనులు తాము చేసుకోలేని వృద్ధులు నెలల తరబడి, ఏళ్ళ తరబడి ఉండే చోటు అది. మన వృద్ధాశ్రమాల్లో మంచం పట్టినవాళ్ళను కూడా చూసుకునేవి కొన్ని ఉన్నాయే, వాటిని దీనికి దగ్గరగా చెప్పుకోవచ్చు. పిల్లలు అమెరికాలోనో, బెంగుళూరులోనో స్థిరపడ్డాక తల్లిదండ్రులు ఇలాంటి చోట చేరటం మన హైదరాబాదులోనూ, విజయవాడలోనూ ఇప్పుడు వింతేమీ కాదు. చేర్చే ముందు గది బాగుందా, భోజనం బాగుందా అని అందరం అడుగుతాం. వచ్చే డాక్టరు వృద్ధుల వైద్యం నేర్చుకున్నారా అని మాత్రం మనకు అడగాలనే తోచదు.

ఆ ప్రశ్న ఎందుకు ముఖ్యమో తెలియాలంటే మార్జరీ వారెన్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ కథ వినాలి. ఆవిడ లండను దగ్గర వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో పనిచేసేది. 1935లో ఆ ఆసుపత్రి పక్కనున్న పేదల శరణాలయాన్ని కలిపేసుకోవటంతో, అక్కడి 714 మంది బాధ్యత ఆవిడ మీద పడింది. వాళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి మంచానికే అతుక్కుపోయిన వృద్ధులు. పక్షవాతం వచ్చినవాళ్ళు, మతి చలించినవాళ్ళు, కేవలం దిక్కులేనివాళ్ళు, అందరూ ఒకే చోట. అసలు జబ్బేమిటో పరీక్షించి చూసినవాళ్ళు లేరు. ఆవిడ ఒక్కొక్కరినీ పరీక్షించి, ఎవరికి ఏం కావాలో విడదీసింది. గోడలకు కళగా రంగులు వేయించింది. పట్టుకుని నడవటానికి కమ్మీలు, చేతులున్న కుర్చీలు పెట్టించింది. వ్యాయామం మొదలుపెట్టించింది. "ఇక ఇంతే" అనుకున్నవాళ్ళలో ఎందరో లేచి నడిచారు. కొందరు ఇళ్ళకు వెళ్ళిపోయారు. 1943లో ఆవిడ బ్రిటిష్ మెడికల్ జర్నల్లో రాస్తూ, వృద్ధుల వైద్యాన్ని ప్రత్యేక విభాగంగా పెట్టాలనీ, వైద్య విద్యార్థులకు దాన్ని తప్పకుండా నేర్పాలనీ కోరింది.

చదువుకున్న డాక్టర్లకు మళ్ళీ నేర్పటం ఏమిటని మీకు అనిపించవచ్చు. ముసలి ఒంట్లో జబ్బు దొంగలా వస్తుందమ్మా. న్యుమోనియా వచ్చినా ఒక్కోసారి జ్వరం ఉండదు, దగ్గు ఉండదు. అన్నం మానేసి మూల కూర్చుంటారు, అంతే. గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి రాకపోవచ్చు. ఆయాసమో, నీరసమో మాత్రం కనిపిస్తుంది. నిన్నటిదాకా బాగా మాట్లాడిన పెద్దావిడ ఇవాళ పొద్దున్న లేచి ఎప్పుడో పోయిన తమ్ముణ్ణి పిలుస్తోందంటే, దానికి కారణం మూత్రంలో ఇన్‌ఫెక్షనో, ఒంట్లో నీరు తగ్గటమో, కొత్తగా వేసిన మాత్రో కావచ్చు. ఏళ్ళ మీద మెల్లగా వచ్చే మతిమరుపు వేరు, రాత్రికి రాత్రి వచ్చే ఈ గందరగోళం వేరు. రెండోదానికి వెంటనే వైద్యం చేయించాలి. చాలాసార్లు తగ్గుతుంది కూడా. ఈ తేడా తెలియని చోట దాన్ని చాదస్తం కింద కొట్టిపారేస్తారు. లేదా నిద్రమాత్ర వేసి పడుకోబెడతారు. అసలు జబ్బు లోపల ముదురుతుంది.

మందుల సంగతి చూద్దాం. వయసుతోపాటు మూత్రపిండాల పని మందగిస్తుంది. మందు ఒంట్లోంచి బయటికి పోవటానికి ఎక్కువసేపు పడుతుంది. అందుకని నలభై ఏళ్ళవారికి సరిపోయే మోతాదు ఎనభై ఏళ్ళవారికి ఎక్కువ కావచ్చు. ఒక మందు వల్ల కాళ్ళు వాస్తే, ఆ వాపుకు ఇంకో మందు. దానివల్ల రాత్రిళ్ళు పదిసార్లు బాత్‌రూముకు లేవటం, చీకట్లో తూలి పడటం, తుంటి ఎముక విరగటం. అసలు కారణం మొదటి మాత్ర అని ఎవరికీ తట్టదు. అమెరికాలో మార్క్ బీర్స్ అనే డాక్టరూ ఆయన సహచరులూ 1991లో ఒక జాబితా తయారుచేశారు. నర్సింగ్ హోముల్లోని వృద్ధులకు సాధారణంగా వాడకూడని మందులేవో అందులో రాశారు. ఆ తర్వాత దాన్ని వృద్ధులందరికీ పనికొచ్చేలా దిద్దుకుంటూ వచ్చారు. బీర్స్ జాబితా పేరుతో దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. అయితే ఒక మాట. ఇది విని మీకై మీరు ఇంట్లో పెద్దవాళ్ళ మందులు మానిపించకండి. అన్ని మందులూ ఒక సంచిలో వేసుకుని డాక్టరు ముందు పెట్టి, ఇవన్నీ ఇప్పటికీ కావాలా అని అడగండి.

ఈ నేర్పు పెద్ద ఆసుపత్రి వార్డులో పూర్తిగా అబ్బదు. అక్కడ రోగి నాలుగు రోజులుండి వెళ్ళిపోతాడు. ఆ మనిషి మామూలు రోజున ఎలా నడుస్తుంది, ఏం తింటుంది, ఎవరితో నవ్వుతుంది అన్నది డాక్టరుకు కనబడదు. అందుకే నెదర్లాండ్స్ దేశం వాళ్ళు ఒక మంచి పని చేశారు. నర్సింగ్ హోము వైద్యాన్నే ఒక ప్రత్యేక విద్యగా పెట్టారు. 1989లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం ఒకదానిలో రెండేళ్ళ శిక్షణ మొదలైంది. 1990లో దానికి ప్రత్యేక వైద్యశాఖగా గుర్తింపు వచ్చింది. తర్వాత ఆ చదువును మూడేళ్ళు చేశారు. 2009లో ఆ వైద్యుల పేరును వృద్ధుల వైద్య నిపుణులు అనే అర్థం వచ్చేలా మార్చారు. డాక్టరు పైపైన చూసి వెళ్ళిపోయే మనిషి కాదక్కడ. ఆ హోములోనే ఉద్యోగి. నర్సులతో, వ్యాయామం చేయించేవాళ్ళతో కలిసి కూర్చుని, ఒక్కో మనిషి గురించీ ఆలోచిస్తారు.

అమెరికాలో దీనికోసం పాటుపడినవారిలో రాబర్ట్ బట్లర్ ముఖ్యుడు. వైద్య కళాశాలలు నర్సింగ్ హోములతో కలిసి, విద్యార్థులకు అక్కడే పాఠం చెప్పాలని ఆయన వాదించాడు. 1982లో న్యూయార్కులోని మౌంట్ సైనాయ్ వైద్య కళాశాలలో వార్ధక్య వైద్యానికి ప్రత్యేక శాఖ స్థాపించాడు. అమెరికా వైద్య కళాశాలల్లో అదే మొదటిది. 1987లో ఆ దేశంలో ఒక చట్టం వచ్చింది. సిబ్బంది సౌకర్యం కోసం వృద్ధులను మంచానికి కట్టేయకూడదనీ, మత్తుమందులిచ్చి పడేయకూడదనీ, ఆయాలకు కనీసం 75 గంటల శిక్షణ ఉండాలనీ అందులో ఉంది. చట్టం చేయవలసి వచ్చిందంటే అంతకుముందు పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకోండి.

మన దేశం సంగతేమిటంటారా? మన పొరుగునే మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో 1978లో డాక్టర్ వి. ఎస్. నటరాజన్ వృద్ధుల కోసం ప్రత్యేక ఔట్‌పేషెంట్ విభాగం ప్రారంభించారు. 1996లో మద్రాసు మెడికల్ కాలేజీలో ఈ విషయంలో ఎం.డి. చదువు వచ్చింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో 2012లో మొదలైంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రుల్లో వృద్ధులకు వేరే వరుస ఉండాలి. 2010లో మొదలైన జాతీయ కార్యక్రమంలో జిల్లా ఆసుపత్రుల్లో పది పడకల వార్డు పెట్టాలన్నారు. మరి 2011 జనాభా లెక్కల్లోనే అరవై దాటినవాళ్ళు పది కోట్ల పైచిలుకు! ఇంతమందికీ ప్రత్యేక నిపుణులు దొరకటం ఇప్పట్లో అయ్యే పని కాదు. కనుక ఎం.బి.బి.ఎస్. చదివే ప్రతి విద్యార్థీ కొన్నాళ్ళయినా ఒక వృద్ధాశ్రమంలో పనిచేసి, ఆ మనుషుల మధ్య ఈ విద్య నేర్చుకోవాలి. పురుడు పోయటం నేర్చుకోకుండా డాక్టరు పట్టా ఇవ్వం కదా! ముసలితనాన్ని చూడకుండా మాత్రం ఎందుకివ్వాలి?

అలా నేర్చుకున్న డాక్టరును ఎలా గుర్తుపట్టాలి? మీ అమ్మగారిని చూపించటానికి వెళితే, ఆయన మీతో కాక ముందు ఆవిడతో మాట్లాడతారు. చెవి సరిగ్గా వినబడుతోందో లేదో చూస్తారు. కుర్చీలోంచి లేపి, పది అడుగులు నడిపించి, మళ్ళీ కూర్చోమంటారు. ఆ కాస్త నడకలోనే పడిపోయే ప్రమాదం ఎంతో ఆయనకు తెలుస్తుంది. పడుకున్నప్పుడూ, నిలబడ్డప్పుడూ రక్తపోటు చూస్తారు. మందుల సంచి విప్పమంటారు. ఆవిడకు అన్నిటికన్నా కష్టంగా ఉన్నది ఏమిటో అడుగుతారు. ఆ జవాబు మనం అనుకున్నది కాకపోవచ్చు. షుగరు గురించి మనం దిగులుపడుతుంటే, ఆవిడకు గుడికి నడవలేకపోవటమే బాధ కావచ్చు.

ఇక వృద్ధాశ్రమంలో చేర్చవలసి వస్తే, గదులు చూడటం అయ్యాక ఈ నాలుగూ అడగండి. డాక్టరు ఎన్నాళ్ళకొకసారి వస్తారు? వృద్ధుల వైద్యంలో ఆయన ఎక్కడ శిక్షణ పొందారు? మందుల జాబితాను మళ్ళీ మళ్ళీ సరిచూసేది ఎవరు? రాత్రి రెండింటికి మా అమ్మ పడిపోతే ఎవరికి ఫోను చేస్తారు? వాళ్ళు తడుముకుంటే మొహమాటపడకండి. చీర కొనేటప్పుడు అంచు తిరగేసి చూస్తామే, కన్నతల్లిని ఒప్పగించే చోట ఆ మాత్రం చూడవద్దా? పదిమంది ఆడవాళ్ళు ఇలా అడగటం మొదలుపెడితే, నిర్వాహకులు అలాంటి డాక్టర్లను వెతుక్కుంటారు. వాళ్ళు వెతికితే కాలేజీలు తయారుచేస్తాయి.

ఈసారి ఎవరైనా "వయసు మీద పడింది, అంతే" అంటే, "వయసు సరే డాక్టరుగారూ, జబ్బేమిటో చెప్పండి" అని నెమ్మదిగా అడగండి.