ఆసియాలో ఏడుగురి రగ్బీ

చెడుగుడు ఆటను ఎరుగనివారు మనలో అరుదు. ఇరువైపుల ఏడేసిమంది, నడుమ ఒక గీత, పట్టు, పెనుగులాట, విడిపించుకొని పరుగు: ఇంతే ఆ ఆట. దీనికి ఒక బంతిని చేర్చి, ఆ చిన్న బరిని నూరు మీటర్ల పొడవుగల మైదానముగా విస్తరింపజేసినచో ఎట్లుండునో ఒకసారి ఊహింపుడు. ఇంచుమించు అట్టి ఆట యొకటి జపాను మొదలు శ్రీలంక వరకు గల పలు దేశముల జాతీయ జట్లను దాదాపు ఏటేట ఒకచోటికి చేర్చుచున్నది. దానినే రగ్బీ సెవెన్స్ అందురు. మనము ఏడుగురి రగ్బీ యని చెప్పుకొనవచ్చును. ఆసియా దేశముల నడుమ జరుగు ఈ పోటీలను గూర్చియే నేటి ప్రసంగము.

రగ్బీ బంతి గుండ్రనిది కాదు. గ్రుడ్డువలె ఇరుకొనలు దేరినది. ఆటగాడు దానిని చేత పట్టుకొని పరుగెత్తవచ్చును, కాలితో ముందునకు తన్నవచ్చును. కాని చేతితో తోటివానికి అందించునపుడు మాత్రము ముందున్నవానికి ఇయ్యరాదు. ప్రక్కకుగాని వెనుకకుగాని విసరవలయును. ముందునకు పోవుటకై వెనుకకు ఇచ్చుట అనునదే ఈ ఆటలోని చమత్కారము. బంతి పట్టినవానిని ప్రత్యర్థులు భుజముల క్రింద పట్టి పడవేయవచ్చును. పడినవాడు వెంటనే బంతిని విడువవలయును. ప్రత్యర్థుల హద్దుగీత దాటి బంతిని నేలకు ఆనించినచో దానిని 'ట్రై' అందురు. దానికి 5 పాయింట్లు. పిమ్మట బంతిని గోలు కొయ్యల నడుమనుండి అడ్డుకర్ర మీదుగా తన్నగలిగినచో మరి 2 పాయింట్లు.

పూర్తి రగ్బీలో పక్షమునకు పదునైదుగురు. ఆట 80 నిమిషములు. ఏడుగురి రగ్బీలో మైదానము అదియే, గోలు కొయ్యలు అవియే. మనుష్యులు మాత్రము సగముకంటె తక్కువ. ఆట ఏడేసి నిమిషముల రెండు భాగములు. నడుమ స్వల్ప విరామము. కొద్దిగా లెక్క వేయుదము. మైదానము సుమారు 100 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు. ముప్పదిమంది ఆడునపుడు ఒక్కొక్కని పాలికి వచ్చు నేల 233 చదరపు మీటర్లు. పదునలుగురు ఆడునపుడు అది 500 చదరపు మీటర్లగును. ఈ ఒక్క మార్పుతో ఆట స్వభావమే మారిపోవుచున్నది. పదునైదుగురి ఆటలో బరువుగల దేహములు గోడవలె నిలిచి దారి కట్టగలవు. ఏడుగురి ఆటలో గోడ కట్టుటకు మనుష్యులు చాలరు. సందు దొరికినదా, వేగముగలవాడు దాటిపోయినట్లే. వెనుకనుండి వానిని పట్టుకొనువా రుండరు.

ఈ చిన్న ఆట పుట్టుకయు చిత్రమైనదే. స్కాట్లండు దేశమున మెల్రోజ్ అను చిన్న పట్టణము కలదు. 1883లో అచ్చటి రగ్బీ క్లబ్బునకు ధనము కొరవడినది. నెడ్ హేగ్ అను మాంసవిక్రేత ఆ క్లబ్బు ఆటగాడు. ఒక్క మధ్యాహ్నములో పెక్కు జట్ల చేత ఆడించినచో జనము వచ్చును, సొమ్ము వచ్చునని ఆతడు తలచెను. పదునైదేసి మందితో పూర్తి ఆటలు ఒక పూటలో ముగియవు. అందుచే జట్టునకు ఏడుగురినే ఉంచి, కాలమునుగూడ తగ్గించిరి. బీదతనమునుండి పుట్టిన ఈ యుపాయమే తరువాత ప్రపంచ క్రీడ యైనది.

ఇక ఆసియా మాట. రగ్బీ ఈ ఖండమునకు ఆంగ్లేయుల ఓడలతో వచ్చినది. రేవుపట్టణములలోని వర్తకులు, దండులలోని సైనికులు, తోటల యజమానులు దీనిని తెచ్చిరి. ఇందు మన దేశమునకును ఒక పాత జ్ఞాపకము కలదు. కలకత్తాలో 1873లో ఏర్పడిన రగ్బీ క్లబ్బు కొలది యేండ్లకే మూతపడగా, సభ్యులు బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలను కరగించి ఒక పాత్ర చేయించిరి. దాని మూడు పిడులు త్రాచుపాములు, మూతపై ఏనుగు. 'కలకత్తా కప్పు' అను ఆ పాత్రకై ఇంగ్లండు, స్కాట్లండు జట్లు 1879 నుండి పోటీపడుచున్నవి. ఆట మన గడ్డపై వేళ్లూనలేదు. మన రూపాయలు మాత్రము అచ్చట కీర్తి గడించినవి! జపానులో కథ వేరు. 1899లో కెయో విశ్వవిద్యాలయమున బోధించుచుండిన క్లార్క్ అను ఉపాధ్యాయుడును, తనాకా గిన్నొసుకే అను ఆయన మిత్రుడును విద్యార్థులకు ఈ ఆట నేర్పిరి. అచ్చట అది పరాయివారి వినోదముగా మిగిలిపోక, విద్యాలయముల ఆటయై దేశమంతట వ్యాపించినది.

1968లో ఆసియా దేశములు ఒక రగ్బీ సమాఖ్యగా ఏర్పడి, మరుసటి సంవత్సరము టోక్యోలో తొలి పోటీ జరుపుకొన్నవి. అది పదునైదుగురి ఆట. ఏడుగురి ఆటకు ఆసియాలో పెద్ద పీట వేసినది హాంకాంగు. 1976 మార్చిలో అచ్చట పండ్రెండు జట్లతో ఒకరోజు పోటీ జరిగినది. ఇండొనీషియా, మలేషియా, శ్రీలంక, జపాను వంటి దేశముల ఆటగాండ్రు న్యూజీలండు, ఆస్ట్రేలియా, ఫిజీ, టోంగా వారితో ఒకే మైదానమున నిలిచిరి. ఆనాటి విజయము న్యూజీలండు క్లబ్బునకు దక్కినది. అయినను హాంకాంగు పోటీ నాటినుండి పెరిగి పెరిగి ప్రపంచ ప్రసిద్ధి పొందినది.

ఈ పోటీల యేర్పాటులో గమనింపదగిన విశేష మొకటి కలదు. ఆట పొట్టిది గనుక ఒక జట్టు ఒకేరోజున రెండు మూడు ఆటలు ఆడగలదు. తొలుత జట్లను వర్గములుగా విభజింతురు. వర్గములో వెనుకబడిన జట్టు మూట కట్టుకొని ఇంటికి పోనక్కరలేదు. తనతో సమానముగా వెనుకబడినవారితో క్రింది స్థానములకై, చిన్న బహుమతులకై మరల పోటీపడును. ఉదయము ఓడినవాడు సాయంకాలము గెలువవచ్చును. ఓటమి మరునాటి పాఠమగునట్లు చేసిన ఈ పద్ధతి చిన్న దేశములకు గొప్ప మేలు చేసినది.

1998 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో రగ్బీకి తొలిసారి చోటు దొరికినది. అప్పుడును, 2002లోను దక్షిణ కొరియా స్వర్ణము గెలిచినది. 2006, 2010, 2014లలో వరుసగా జపాను. పిదప 2018 జకార్తా క్రీడలలో హాంకాంగు జపానును 14–0తో ఓడించి కొరతదీర్చుకొన్నది. 2023లో జరిగిన హాంగ్‌జౌ క్రీడలలోను స్వర్ణము హాంకాంగునకే. 2009లో ఆసియా సెవెన్స్ సిరీస్ అను వరుస పోటీ మొదలైనది. ఒక సంవత్సరములో వేర్వేరు నగరములలో జట్లు కలిసికొనును. హాంకాంగు, ఇంచియాన్, కొలంబో ఇట్టి కూడళ్లలో ముఖ్యమైనవి. ఒక్కొక్కచోట వచ్చిన పాయింట్లను కూడి విజేతను నిర్ణయింతురు. దీనికి దిగువ మెట్టుగా ట్రోఫీ పోటీ కలదు. అందు గెలిచినవారు పైమెట్టు నెక్కుదురు. పైమెట్టున తడబడినవారు క్రిందికి దిగుదురు.

2009 సంవత్సరముననే మరియొక సంగతి జరిగినది. ఏడుగురి రగ్బీని 2016 నుండి ఒలింపిక్ క్రీడలలో చేర్ప నిశ్చయించిరి. దానితో ఆసియా పోటీలకు కొత్త వేడి పుట్టినది. ఒలింపిక్సులో మగవారి జట్లు పండ్రెండు మాత్రమే. ఆసియా అర్హత పోటీనుండి నేరుగా పోగల జట్టు ఒక్కటే. రెండవ స్థానము పొందినవారికి ప్రపంచస్థాయిలో జరుగు చివరి అవకాశ పోటీ తప్ప వేరు దారి లేదు.

ఈ ఒక్క చోటుకై జరిగిన పోరాటములో హాంకాంగు కథ మనస్సును కదలించును. 2015 నవంబరులో తన సొంత నగరమున జరిగిన అర్హత పోటీ తుది ఆటలో హాంకాంగు జపాను చేత ఓడినది. 2020 టోక్యో క్రీడలకు జపాను ఆతిథేయి గనుక దానికి చోటు ముందే దొరికినది. కాన ఆసియా చోటు తక్కినవారిది. 2019 నవంబరులో ఇంచియాన్ నగరమున తుది ఆట హాంకాంగునకు, దక్షిణ కొరియాకు. నిర్ణీత కాలము ముగియునప్పటికి చెరి 7 పాయింట్లు. అదనపు కాలములో ముందు ఎవరు పాయింట్లు సంపాదించిన వారిదే గెలుపు. కొరియా ఆటగాడు జాంగ్ యోంగ్‌హుంగ్ ట్రై సాధించెను. 12–7. ఆ ఒక్క పరుగుతో ఒక జట్టు ఒలింపిక్సునకు పోయినది. రెండవ జట్టు నిలిచిపోయినది. 2023లో హాంగ్‌జౌ స్వర్ణము గెలిచిన రెండు మాసములలోపుగనే ఒసాకా అర్హత పోటీలో హాంకాంగు మరల జపాను చేత ఓడినది. చివరి అవకాశ పోటీలును కలిసిరాలేదు. ఆసియాలో వరుసగా రెండు స్వర్ణములు గెలిచినను, 2016 మొదలు 2024 వరకు జరిగిన మూడు ఒలింపిక్సులలో ఒక్కదానియందును ఆ జట్టు అడుగిడలేదు.

చోటు దొరికినవారి సంగతి యేమి? 2016 రియో క్రీడలలో జపాను తన మొదటి ఆటలోనే న్యూజీలండును 14–12తో ఓడించి లోకమును నివ్వెరపరచినది. తుదకు నాలుగవ స్థానమున నిలిచినది. దేహములు చిన్నవైనను, వేగము, కట్టుబాటు, నిపుణత ఉన్నచో పెద్దలను గెలువవచ్చునని ఆ ఆట చాటినది. టోక్యో క్రీడలు మహమ్మారి మూలమున 2021లో జరిగినవి. దక్షిణ కొరియా అదే న్యూజీలండుతో ఆడి 5–50తో ఓడినది. ఆ 5 పాయింట్లు ఆ దేశమునకు ఒలింపిక్ రగ్బీలో తొలి ట్రై మూలమున వచ్చినవి. సాధించినవాడు ఆండ్రే జిన్. చివరి స్థానములకై జరిగిన ఆటలో కొరియా తన పొరుగు జపానుతో తలపడి 19–31తో ఓడినది.

శ్రోతలారా! ఈ రెండు ఓటములను ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు. ఏబది పాయింట్లు ఇచ్చుకొన్నవాడు ఎదుటివాని గొప్పతనమును తెలిసికొనును. కాని తన లోపము ఎచ్చటనున్నదో తెలిసికొనుట కష్టము. అంతయు లోపముగనే కన్పట్టును. పండ్రెండు పాయింట్ల తేడాతో ఓడినవాడు రెండు సందులను ఎట్లు మూయవలెనో ఆలోచింపగలడు. తనకంటె ఒక్క మెట్టు పైనున్నవానితో మాటిమాటికి ఆడుటయే ఎదుగుదలకు దారి. ఆసియా వరుస పోటీల ప్రయోజన మిదియే. నాలుగేండ్లకొకసారి వచ్చు ఒలింపిక్ పండుగ జట్టునకు ఆశ పుట్టించును. ఏటేట పొరుగువారితో జరుగు పోటీ దానికి బలము చేకూర్చును. ఆశ లేనిచో ఎవరును బయలుదేరరు; బలము లేనిచో ఎవరును గమ్యము చేరరు. ఆ చిన్న పోటీలకు వార్తాపత్రికలలో రెండు పంక్తుల చోటే దొరకవచ్చును. అయినను రియోలో జపాను సాధించిన విజయమునకు వేళ్లు అచ్చటనే యున్నవి.

స్త్రీల విషయమున ఈ సత్యము మరింత స్పష్టము. ఆసియా క్రీడలలో మహిళల రగ్బీ 2010 గ్వాంగ్‌జౌలో ప్రవేశించినది. నాడు స్వర్ణము కజకస్తానునకు దక్కినది. పిదప చైనా, జపాను జట్లు ఒకదానినొకటి తరుముకొనుచు పైకి వచ్చినవి: 2014లో చైనా, 2018లో జపాను, 2023లో మరల చైనా. ఇట్లు ఒరసికొని పదును దేరిన ఈ రెండు జట్లును 2024 ప్యారిస్ ఒలింపిక్సులో ఆడినవి. చైనా ఆరవ స్థానము పొందినది.

మన భారత మహిళల జట్టు 2009లో తొలిసారి అంతర్జాతీయ రంగమున దిగి, గ్వాంగ్‌జౌలోను ఆడినది. 2022లో జకార్తాలోను, 2024లో కాఠ్మండులోను జరిగిన ఆసియా ట్రోఫీ పోటీలలో రెండవ స్థానము పొందినది. అనగా దిగువ మెట్టు చివరి అంచువరకు వచ్చి, పైమెట్టును చేత తాకినదన్నమాట. 2025 ఆగస్టులో బీహారులోని రాజగిరిలో ఇరువదియేండ్లలోపు వారికి జరిగిన ఆసియా పోటీలో మన బాలికలు కాంస్యము గెలిచిరి. ఆ సంవత్సరముననే ముంబాయిలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగులో మన హైదరాబాదు పేరు ధరించిన జట్టును ఆడినది. ఇవి చిన్న అడుగులే. కాని సరియైన దారిలో పడిన అడుగులు.

ఈ ఆటకు పెద్ద పెట్టుబడి అక్కరలేదు. ఒక బంతి, ఒక మెత్తని మైదానము, పట్టు తెలిసిన ఏడుగురు చాలును. పట్టు, విడుపు మన బిడ్డలకు చెడుగుడు నేర్పియే యున్నది. ఇక కావలసినది ఒక్కటే: ప్రక్క పాఠశాలతో, ప్రక్క జిల్లాతో, ప్రక్క రాష్ట్రముతో ఏటేట తప్పక ఆడు అలవాటు. ఓడినపుడు సిగ్గుపడక, మరుసటి యేడు మరల పోయి అదే జట్టు నెదుర్కొను పట్టుదల. ఆసియాలో ఏడుగురి రగ్బీ ఇట్లే పెరిగినది. మన యూళ్లలోను అది ఇట్లే పెరుగగలదు.