పైకి రక్తం కనబడలేదని ఊరుకోవద్దు
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)



2024 సెప్టెంబరు 13న మన మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సు, లారీలు ఢీకొన్న సంగతి మీకందరికీ తెలుసు. అలాంటిచోట రక్తం కారేవారి చుట్టూనే అందరం చేరతాం. స్టీరింగు ఛాతీకి, పొట్టకు గుద్దుకున్న మనిషి "నాకేం కాలేదు" అంటూ పక్కన కూర్చుంటాడు. లోపల కాలేయమో ప్లీహమో చిట్లితే రక్తం పొట్టలోనే చేరుతుంది, బయటికి చుక్క కూడా రాదు.

చల్లని చెమట, పాలిపోయిన ముఖం, వేగంగా కొట్టుకునే నాడి, గట్టిపడిన పొట్ట దాని గుర్తులు. విరిగిన పక్కటెముక ఊపిరితిత్తికి గుచ్చుకుంటే ఊపిరాడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. గుచ్చుకున్న వస్తువును పీకకూడదు. దాహమన్నా నీళ్లు పట్టకూడదు, ఆపరేషన్ అవసరం కావచ్చు. కేసులకు భయపడవద్దు, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సాయం చేసినవారికి రక్షణ ఇస్తోంది.

బడిలో పిల్లలకు మేము చెప్పేది ఇదే. దాతలను కోరేది మరొకటి. లోపల రక్తం పోతున్న మనిషికి ఆపరేషన్‌తో పాటు రక్తమూ కావాలి, దాన్ని ఏ కార్ఖానాలోనూ తయారు చేయలేరు. ఆరోగ్యంగా ఉన్న మగవారు మూడు నెలలకు, ఆడవారు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. చందా ఇచ్చిన చేతులే రక్తానికీ ముందుకు రావాలని మనవి.